బారామహలు గుఱ్ఱములు – గిట్టల రక్షణము

ప్రాచీన కాలమున తగడూరనబడిన ధర్మపురి, 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు సీమతో గూడ ఈస్టిండియా కుంఫిణీవారి వశమయ్యెను. పిమ్మట 1824లో హోసూరు చెంతనున్న మత్తిగిరియందు వారు సైన్యాశ్వముల పోషణకై స్థాపించిన క్షేత్రము, 1965 మొదలు 2004 వఱకు ధర్మపురి జిల్లాలోనిదై యుండెను.

అట్టి సైన్యాశ్వమునకేగాక, ఏ యశ్వమునకైనను బలము గిట్టలయందే కలదు. లాడము వాడుకలోనికి రాకమునుపే, క్రీ.పూ. 4వ శతాబ్దమున యవనుడైన క్సెనోఫోను, కొట్టము వెలుపల గుండ్రని ఱాళ్లు పఱచి గుఱ్ఱమును వానిపై నిలిపినచో గిట్టలు గట్టిపడునని వ్రాసెను. తెనుగునను మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించి అశ్వవిద్యకు కావ్యగౌరవము కల్పించెను.

గిట్ట నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్ల వఱకు పెరుగును. ఱాతినేలపై నిత్యము సంచరించు గుఱ్ఱమునకు నడకయే ఆకురాయి. కొట్టమున నిలిచియుండు దానికి మాత్రము ఆఱెనిమిది వారములకొకసారి పెరిగిన అంచును ఆకురాయితో గుండ్రముగా దిద్ది, అడుగున నుండు త్రికోణాకారపు మెత్తని భాగమును కోయక, నేలను తాకునట్లు విడువవలయును.

కఠినమైన బాటలపై భారము మోయు గుఱ్ఱమునకు లాడము వలసినదే. తక్కినవానికి సహజపాదమే మేలు. కావున అశ్వపోషకులు ముందుగా కొట్టమును పొడిగా నుంచి, ప్రతిదినము గిట్టలెత్తి చూచి శుభ్రపఱచుట యలవఱచుకొందురుగాక!