మంచిగనే ఉన్న

ఆదిభట్లలో ఆఫీసు అయ్యాక డిన్నర్ అంటే, సాగర్ రోడ్డు మీద ఏదో ఒక ధాబాలో తేలతాం. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక రాత్రి, బిల్లు కట్టి బయటికొచ్చాక పార్కింగ్‌లో ఫ్రెండ్ అడిగాడు: "నడుపుతవా మామా?" "ఏం గాదు, మంచిగనే ఉన్న" అన్నాను. తాగింది ఒకే ఒక్క స్ట్రాంగ్ బీరు. ఔటర్ ఎక్కాను, ఇల్లు చేరాను, ఏమీ కాలేదు. ఆ "ఏమీ కాలేదు" చాలాకాలం నాకు సాక్ష్యంలా పనికొచ్చింది.

ఈ మధ్య మోటారు వాహనాల చట్టం చరిత్ర తిరగేస్తుంటే అర్థమైంది, ఆ రాత్రి నేను నడిచింది 1939 చట్టం ప్రకారమని.

1939లో ఆ చట్టం వచ్చినప్పుడు తాగి నడపడం దానంతట అదే నేరం కాదు. బండిని అదుపు చేయలేనంతగా తాగి ఉంటేనే నేరం. మరి అదుపు ఉందో లేదో తేల్చేదెవరు? కానిస్టేబుల్ ముక్కు, డాక్టర్ కళ్లు. నోటి వాసన, తడబడే నడక, ముద్దగా వచ్చే మాట, ఇవే ఆధారాలు. 1971లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి లక్షణాల జాబితానే చూసి, రక్తపరీక్ష లేకుండా ఇవి సరిపోవంది. మనిషిని చూసి తేల్చే పద్ధతి అక్కడ బీటలు వారింది.

బయటి ప్రపంచం అప్పటికే అంకెల్లోకి వెళ్లిపోయింది. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల మొదట్లోనే తాగిన పరిమాణం నుంచి రక్తంలో ఆల్కహాల్‌ని లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. నార్వే 1936లో చట్టంలో ఒక పరిమితి పెట్టింది. అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ 1954లో బ్రెతలైజర్ తయారుచేశాడు. బ్రిటన్ 1967లో వంద మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములని గీత గీసింది.

మన దగ్గర కథ ఇంకో మలుపు తిరిగింది. 1988 చట్టంలోని సెక్షన్ 185 మొదట చాలా కఠినం: రక్తంలో ఎంత కొంచెం ఆల్కహాల్ ఉన్నా నేరమే. 1994 సవరణతో ఆ "ఎంత కొంచెమైనా" పోయి, 30 మిల్లీగ్రాములు దాటితే అన్న అంకె, దాన్ని కొలవడానికి బ్రీత్ అనలైజర్ వచ్చాయి. విచిత్రం ఏంటంటే, ఆ సవరణ అమల్లోకి వచ్చిన రెండు నెలలకే, 1995 జనవరిలో, ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో నిషేధం సడలింది. గ్లాసులు తిరిగొచ్చాయి, 30 అలాగే ఉంది.

మరి నా బీరు సంగతి? విడ్‌మార్క్ లెక్క వేసి చూశాను. 650 ఎంఎల్ సీసా, 8 శాతం. అంటే దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడికి, ఖాళీ కడుపున, 86 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. శరీరం గంటకి సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది. 30కి దిగడానికే దాదాపు నాలుగు గంటలు. 60 ఎంఎల్ విస్కీ పెగ్గు ఒక్కటి కూడా 40 దాటిస్తుంది. నేను సీసా దించిన అరగంటకే తాళం తిప్పాను. బ్రిటన్ గీతకి కూడా దగ్గర్లోనే ఉండి ఉంటాను.

ఇది సగటు లెక్క. బరువు, తిండి, ఆడా మగా తేడా అన్నీ దీన్ని మార్చేస్తాయి. అందుకని దీన్ని యాప్‌లా వాడుకుని "ఇంకో అరగంట ఆగితే చాలు" అనుకోవడానికి లేదు. పైగా 30 చట్టం గీత మాత్రమే, క్షేమానికి గీత కాదు. అంతకంటే తక్కువలోనే చూపు, స్పందన మందగించడం మొదలవుతుంది. వాటితోపాటే "నేను బాగున్నానా" అని తేల్చే బుద్ధి కూడా మొద్దుబారుతుంది. జడ్జి కూడా తాగే ఉన్నాడన్నమాట.

2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మా మాటల్లో మాత్రం అదంతా "ఇయ్యాల ఎక్కడ చెకింగ్ ఉంది?" అన్న ప్రశ్నకి కుదించుకుపోయింది.

మా క్యాంపస్‌కి దగ్గర్లోనే విమానాల భాగాలు తయారవుతాయి. విమానం నడిపేవాళ్లకి రూలు వేరు: ఎక్కడానికి ముందు 12 గంటల్లో చుక్క ముట్టకూడదు. "ఎలా ఉన్నావ్?" అని పైలట్‌ని ఎవరూ అడగరు. గడియారం చూస్తారు, ఊదమంటారు. రెక్కల్లేని బండికి మాత్రం మనం ఇంకా ముఖం చూసి సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాం.

చట్టం 1939 నుంచి 1994కి రావడానికి యాభై అయిదేళ్లు పట్టింది. నాకు ఒక బీరు, ఒక లెక్క పట్టాయి. ఇప్పుడు ధాబా ప్లాన్ ఉన్న రోజు కారు ఇంట్లోనే వదిలి క్యాబ్‌లో ఆఫీసుకి వస్తున్నాను. ఆ నిర్ణయం పొద్దున పూట, కాఫీ తాగుతూ తీసుకుంటాను. రాత్రి పార్కింగ్‌లో ఎవరైనా "మంచిగనే ఉన్నవ్ గద" అంటే, అవునంటాను. ఆ రోజు కూడా అలాగే ఉన్నాను మరి.