మృదంగపు దెబ్బకు పగ్గము: ధ్వనిని అణచు యంత్రముల చరిత్ర

తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమునుండి 1922 ప్రాంతమున తాళ్ళపాక కవుల రాగిరేకులు వెలికివచ్చినవి. అన్నమాచార్యుడు (1408–1503), ఆయన వంశీయులు రచించిన వేలాది కీర్తనలు వాటిపై చెక్కబడియున్నవి. పాటకు పైన రాగము పేరు గలదు. కాని దానిని ఏ వరుసలో పాడిరో, ఎక్కడ గొంతు తగ్గించిరో, ఎక్కడ మద్దెల గట్టిగా మ్రోగెనో రేకు చెప్పదు. అందుచేతనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఆ పాటలకు మరల స్వరరచన చేయవలసివచ్చినది.

శబ్దమునే పట్టి దాచు సాధనము తరువాతి కాలమున వచ్చినది. అదైనను విన్నది విన్నట్లు దాచినదా? లేదు. దాచుటకు ముందు శబ్దమును కొంత అణచి, కొంత లేపి, తన కొలతకు సరిపుచ్చుకొన్నది. ఆ పని చేయు యంత్రమునకు కంప్రెసరు అని పేరు. పంక్చరు అంగడిలో గాలి నింపు కంప్రెసరుతో దీనికి పేరులో తప్ప వేరు చుట్టరికము లేదు.

దీని అవసరమేమో తెలియుటకు చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్ళె (1898–1975) కచేరీని తలచుకొనవచ్చును. ఆయన కాంచీపురము నాయనాపిళ్ళెకు శిష్యుడు. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి. గురువుగారి కచేరీకి ‘ఫుల్ బెంచి’ అని పేరు. మృదంగము, కంజీర, ఘటము, మోర్సింగు, డోలకు మొదలగునవన్నియు ఒకే వేదికపై బారులు తీరెడివి. శిష్యుడు గ్రామఫోను రికార్డులు కూడ ఇచ్చెను. ఆయన పాడిన ‘మధురానగరిలో’ జావళి మిక్కిలి ప్రచారము పొందినది. అయితే ఆ రికార్డు ఒక వైపున మూడు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే పాట పట్టును. నిడివి సంగతి అందరును ఎరిగినదే. బలము సంగతి అంతగా ఎవరును తలపరు.

శబ్దబలమును డెసిబెళ్ళలో కొలుతురు. 10 డెసిబెళ్ళు పెరిగిన, శబ్దశక్తి 10 రెట్లగును. 20 పెరిగిన 100 రెట్లు. తంబుర మెల్లని నాదము 40 డెసిబెళ్ళనుకొనుడు. డోలు దగ్గర కూర్చున్నవానికి దెబ్బ 100 డెసిబెళ్ళుండవచ్చును. నడుమ తేడా 60, అనగా శక్తిలో 10 లక్షల రెట్లు. లక్కతో చేసిన ఆ పాత రికార్డు మోయగల తేడా సుమారు 40 డెసిబెళ్ళు, అనగా 10 వేల రెట్లు. శబ్దము మరీ పెద్దదైన, గాడి చెక్కు సూది పక్కకు ఊగి పొరుగు గాడిలోనికి చొచ్చుకొనిపోవును. మరీ చిన్నదైన, రికార్డు బరబరలో మునిగిపోవును.

1902లో గైస్‌బర్గు అను గ్రామఫోను నిపుణుడు కలకత్తాకు వచ్చి రికార్డులు తీయునప్పటికి మైకు లేదు. ఒక పెద్ద కొమ్ము మాత్రమే యుండెడిది. గాయకుడు కొమ్ములో తలపెట్టినట్లు కూర్చుండవలెను, పెద్దగా మ్రోగు వాద్యము దూరముగా జరుగవలెను. ఆనాటి కంప్రెసరు గదిలోని దూరమే. 1925 నుండి మైకు, వాల్వు వచ్చుటతో బలమును తగ్గించు మీట ఇంజనీరు చేతికి వచ్చినది. పాట హెచ్చిన తగ్గించును, తగ్గిన పెంచును. మంచి ఇంజనీరుకు ఆ కీర్తన ముందుగానే తెలిసియుండవలెను! ఏలయనగా మనిషి విని చేయి కదల్చుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. మృదంగపు దెబ్బ సెకనులో కొన్ని వేయవ వంతులలోనే శిఖరమెక్కి కూర్చుండును. చేయి కదలునప్పటికి దెబ్బ ముగిసినది, గాడి చెడినది.

ఈ మీటను శబ్దమే స్వయముగా త్రిప్పుకొన్న బాగుండునను ఆలోచన రేడియోలో పండినది. ప్రసారయంత్రము హద్దు మీరిన శబ్దమును సహింపదు గదా. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1937లో 110ఎ అను యంత్రమును అందుకై తెచ్చెను. మరుసటి సంవత్సరమే మద్రాసు ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది.

పని తీరు ఇట్లుండును. వచ్చు శబ్దమునుండి కొంత తీసి ఏకముఖ విద్యుత్తుగా మార్చుదురు. ఆ విద్యుత్తు హెచ్చిన కొలది వాల్వు వృద్ధిచేయు శక్తి తగ్గునట్లు కలుపుదురు. ఒక హద్దు, ఒక నిష్పత్తి నిర్ణయింతురు. హద్దును 12 డెసిబెళ్ళు దాటిన దెబ్బ, నిష్పత్తి 4కు 1 అయినచో, 3 మాత్రమే దాటును, 9 తగ్గినది. ఇప్పుడు మొత్తమును 9 పెంచిన, దెబ్బ మొదటి చోటనే నిలుచును. తంబుర 9 డెసిబెళ్ళు ముందుకు వచ్చును. పెద్దవానిని వంచి చిన్నవానిని భుజములకెత్తినట్లు.

ఈ యంత్రములలో ప్రసిద్ధమైనది ఫెయిర్‌చైల్డు. ఎస్టోనియానుండి అమెరికా చేరిన రైన్ నార్మా అను ఇంజనీరు 1950 దశకము చివర దీనిని నిర్మించెను. రెండు మార్గముల 670 నమూనాలో 20 వాల్వులు. బరువు ముప్పది కిలోలకు దగ్గర. స్టీరియో రికార్డు గాడి పక్కకును, పైకి క్రిందికిని కూడ కదలును గనుక ఆ రెండు కదలికలను వేరువేరుగా అదుపు చేయు ఏర్పాటు కూడ దీనిలో గలదు. సెకనులో అయిదువేలవ వంతులో ఇది దెబ్బను అందుకొనెడిది. తరువాత జేమ్స్ లారెన్సు 1960 దశకము తొలినాళ్ళలో ఎల్ఎ–2ఎ తెచ్చెను: శబ్దము హెచ్చిన ఒక దీపపు ఫలక వెలుగును, ఆ వెలుగు పడిన పదార్థము విద్యుత్తుకు దారియిచ్చి శబ్దమును తగ్గించును. నెమ్మదియైనది, గాత్రమునకు నప్పును. 1967లో బిల్ పుట్నం ట్రాన్సిస్టరు జాతి పరికరముతో 1176 చేసెను. దాని వేగము సెకనులో 50,000వ వంతు. 1999లో ఆయన కుమారులు సంస్థను పునరుద్ధరించి ఈ పాత నమూనాలనే మరల చేయసాగిరి. నేడు కొత్తవని అమ్ము పెట్టెలలో అనేకము వీటి మనుమలే.

వేగము హెచ్చిన మేలేయని తోచవచ్చును. మృదంగము ఆ మాటను ఒప్పుకొనదు. సర్ సి. వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ప్రకటించిన వ్యాసమున మన మద్దెల ప్రత్యేకతను చూపెను. నల్లని మందుపూత వలన దాని అనునాదములు మూలస్వరమునకు 2, 3, 4, 5 రెట్ల పౌనఃపున్యములతో సక్రమముగా పలుకును. సామాన్యపు డప్పుకు ఆ భాగ్యము లేదు. ఇట్లు దెబ్బలో రెండు భాగములేర్పడినవి: వ్రేలు తగిలిన టప్పుమను క్షణము, దాని వెంట శ్రుతిబద్ధమైన మ్రోత. కంప్రెసరు వెంటనే పట్టుకొన్న టప్పు చచ్చును. ‘నం’కారము బస్తాను తట్టినట్లుండును. సెకనులో యాబదవ వంతు ఆగి పట్టుకొన్న టప్పు తప్పించుకొనును, మ్రోత అణగును, దెబ్బ మరింత వాడిగా వినబడును. ఇక వదలు కాలము. తీర్మానములో సెకనుకు 10 దెబ్బలు పడిన, నడుమ సెకనులో పదవ వంతే వ్యవధి. యంత్రము అంతలో వదలనిచో మొదటి దెబ్బనుండి చివరి దెబ్బ వరకు గాయకుని గొంతు కూడ అణగియే యుండును.

ఈ చిక్కును మరొక దారిన విడదీసినది ట్రాన్సియెంట్ షేపరు. జర్మనీలోని ఎస్‌పిఎల్ సంస్థ 1990 దశకము చివర ట్రాన్సియెంట్ డిజైనరు అను పేర దీనిని తెచ్చెను. దీనిలో హద్దు లేదు. శబ్దమును చురుకైన కొలమాని ఒకటి, మందకొడి కొలమాని ఒకటి ఒకేసారి కొలుచును. చురుకైనది ముందు పోయినచో అది దెబ్బ మొదలు. వెనుకబడినచో అది మ్రోత. ఈ తేడాను పట్టి మొదలును గాని మ్రోతను గాని విడిగా పెంచవచ్చును, తగ్గింపవచ్చును. మెల్లని దెబ్బయైనను గట్టి దెబ్బయైనను ఒకే న్యాయము. తాళవాద్యమునకు ఇది కంప్రెసరుకన్న మర్యాదగల సాధనమని నా అభిప్రాయము. గాత్రమునకు దీనితో పనిలేదు.

కొత్త యంత్రమును పరీక్షించువారు ఒక మోసమును గుర్తింపవలెను. 1933లో ఫ్లెచర్, మన్‌సన్ అనువారు చూపినట్లు, మెల్లని శబ్దములో మందర, తార స్వరములు చెవికి తక్కువగా తెలియును. శబ్దము కొద్దిగా పెరిగిన చాలును, అంతయు నిండుగా తోచును. కనుక యంత్రము ఉన్నప్పటి శబ్దము, లేనప్పటి శబ్దము ఒకే బలమున నుండునట్లు సవరించి పోల్చవలెను. అట్లు చేసిన పిమ్మట గొప్ప పెట్టెలు కొన్ని సామాన్యములైపోవును.

తిరుపతిలో ఈ చర్చకు ప్రత్యేకమైన బరువు గలదు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతము 1963లో దీర్ఘకాలపు రికార్డుగా వెలువడినది. ఆ సమరసమైన గొంతు గాడికి గాని, గుడిపైని కొమ్ము స్పీకరుకు గాని ఇబ్బంది పెట్టదు. దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టులో 1978లో చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వందలాది కీర్తనలకు బాణీలు కూర్చి పాడెను. శ్రీ వేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు వెలసినది, 2008లో భక్తి చానలు వచ్చినది. బస్సులోను ఫోనులోను వినువారికొరకు శబ్దమును అణచి సమము చేయుట తప్పుగాదు. అయితే నాదస్వరము, డోలు వంటి జంట దగ్గర ఆ అణచివేత కళనే మార్చును. అణచిన దానిని మరల విప్పుటయు సాధ్యము గాదు. ఏ క్షణమున ఎన్ని డెసిబెళ్ళు తగ్గెనో ఆ ప్రతిలో వ్రాయబడియుండదు. 1960 దశకమున వచ్చిన డాల్బీ పద్ధతిలో టేపుకు ముందు నొక్కి, తరువాత సరిగా విప్పగలిగిరి. నొక్కిన సూత్రము ముందే నిర్ణయించియుండుటయే కారణము. స్టూడియోలో చెవికింపుగా త్రిప్పిన మీటలకు అట్టి లెక్క లేదు. నేటి 24 బిట్ల అంకీయ రికార్డింగు లెక్క ప్రకారము 144 డెసిబెళ్ళ తేడాను పట్టగలదు. డోలును వంచవలసిన పాత నిర్బంధము తీరినది గనుక, యంత్రము తాకని మూలప్రతి ఒకటి వేరుగా భద్రపరచుటకు అడ్డులేదు.

విద్యార్థులు ఈ సంగతిని తరగతిలోనే చూడవచ్చును. చాల ఫోనులలో ఇట్టి అదుపు లోపలనే యుండును. ఫోనును తిరుగుచున్న ఫ్యాను క్రింద ఉంచి వీడియో ఆరంభించుడు. పది సెకనులు అందరును మౌనముగా నుండవలెను. దగ్గర ఒక స్టీలు పళ్ళెమును గట్టిగా కొట్టి, మ్రోత ఆగునట్లు వెంటనే చేతితో పట్టుకొని, మరల పది సెకనులు కదలకుండుడు. తరువాత వినినచో దెబ్బ వెనువెంట ఫ్యాను శబ్దము క్రిందికి జారి, క్రమముగా పైకెక్కును. ఎక్కుటకు పట్టిన కాలమును గడియారముతో కొలువుడు. అదే ఆ ఫోనులోని కంప్రెసరు వదలు కాలము.