బొమ్మ ఒకటే, మాటలు రెండు

బాగేపల్లి, చింతామణి బడుల్లో స్మార్ట్ క్లాసుల మాట మన సంఘంలో మళ్ళీ వచ్చింది. టీవీ తెర పెట్టి పాఠం చెప్పడం నిన్నమొన్నటి వింత అనుకునేవాళ్ళ కోసం ఈ పాత కథ రాస్తున్నాం.

1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళకు టీవీలు చేరాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. కర్ణాటకలో బీజాపూర్, గుల్బర్గా, రాయచూరు జిల్లాలకు ఆ భాగ్యం దక్కింది. ఆంధ్రలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాలకు. మన తాలూకాలు అప్పుడు కోలారు జిల్లాలో ఉండేవి, 2007లో కదా చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. కోలారుకు రాలేదు.

రాకపోతే పోనీ. ఆ ఏర్పాటులో ఒక సంగతి మాత్రం మాకు ఇప్పటికీ ముచ్చటే. ఒకే బొమ్మ వెంట రెండు భాషల మాటలు పంపే వీలు అందులో ఉండేది. అలాంటిది ఎక్కువ అవసరమైంది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఉన్న మన ఊళ్ళకే!

ఇది మాకెందుకు తెలుసంటే, మేము ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం. ఒకటో తరగతిలో ‘ఆ’ అక్షరానికి ‘ఆడు’ అన్నారు. ఆడుకోమన్నారేమో అనుకున్నాం. పుస్తకంలో చూస్తే మేక బొమ్మ. కన్నడంలోనూ మేక ‘ఆడు’ అయిపోతుంది చూడండి! బొమ్మ చూడగానే తెలిసింది, మాట దగ్గరే చిక్కు.

ఈ చిక్కును మన వైపు విప్పింది యంత్రం కాదు, అయ్యవార్లే. కన్నడ పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, మళ్ళీ కన్నడంలో చెప్పించేవాళ్ళు. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది, ఎవరికీ తప్పనిపించలేదు.

తర్వాత రాష్ట్రంలో 2001లో హైస్కూళ్ళకు ‘మాహితి సింధు’ కంప్యూటర్లు వచ్చాయి. 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్ ఎగిరింది, చామరాజనగర జిల్లా ప్రాథమిక బడులకు దాని పాఠాలు అందాయి. వీటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అసలు దెబ్బ 2020లో తగిలింది. బడులు మూతపడ్డాయి. జులైలో చందన చానల్లో 8 నుంచి 10 తరగతుల పిల్లలకు ‘సంవేద’ పాఠాలు మొదలయ్యాయి. పాఠం బాగానే ఉంది, కానీ పక్కన తెలుగులో విడమరిచి చెప్పే అయ్యవారు లేరు. అమ్మానాన్నలకు కన్నడం చదవడం రాని ఇంట్లో ఆ పిల్ల ఎవరిని అడగాలి?

కన్నడం వద్దని ఎవరూ అనడం లేదు. ఇక్కడ బతకాలంటే కన్నడం రావాలి, బాగా రావాలి. అడిగేదల్లా ఒకటి, రెండు తరగతుల వీడియోలకు తెలుగు మాట కూడా జోడించమని. 2017లో మొదలైన దీక్షా వేదికలో కన్నడ పాఠాలూ ఉన్నాయి, తెలుగు పాఠాలూ ఉన్నాయి. కొడికొండ చెక్‌పోస్టు అవతలి పిల్లవాడు తెలుగులో వినే లెక్కల పాఠం ఇవతలి పిల్లవాడికీ ఫోనులో దొరుకుతుంది. దాన్ని కన్నడ పాఠం పక్కన పెట్టి చూపించాలంటే పై నుంచి ఉత్తర్వు కూడా అక్కర్లేదు, టీచరుకు తీరిక ఉంటే చాలు.

మన సంఘంలో రిటైరైన టీచర్లు చాలామందే ఉన్నారు. ఒకటో తరగతి కన్నడ పాఠాలకు తెలుగులో అర్థం చెబుతూ గొంతు రికార్డు చేసి ఇవ్వగలవాళ్ళు కింద పేరు రాయండి. ముందు పది పాఠాలు చేద్దాం.