ఆంగ్ల విశేషణములు, ఉపపద విభక్తి : బొగ్గుగనుల ప్రాంతమున ఒక పరిశీలనము

ఆంగ్లమున విశేషణము తరువాత ఏ ప్రిపొజిషను రావలెనన్నది మన విద్యార్థులను తరతరములుగా వేధించుచున్న ప్రశ్న. 'నా మీద కోపము' అను భావమును 'యాంగ్రీ ఆన్ మీ' అని వ్రాసిన బాలుని పత్రమున ఎఱ్ఱసిరాతో 'విత్' అని దిద్దని ఉపాధ్యాయుడు అరుదు. ఆ దిద్దుబాటునకు కారణము చెప్పువారు అంతకంటె అరుదు. 'అది వారి వాడుక. కంఠస్థము చేయుము' అనుటతో పాఠము ముగియుచున్నది. ఈ సమస్యకొక చరిత్ర కలదనియు, మన వ్యాకరణ పరిభాషతోనే దానిని వివరింపవచ్చుననియు, అది పరీక్షలోని మార్కులతో తీరిపోవు విషయము కాదనియు ఈ వ్యాసమున చూపదలచితిమి. రామగుండము, గోదావరిఖని ప్రాంతమును ఉదాహరణముగ గ్రహించుటకు గల కారణము ముందు తెలియగలదు.

ప్రాచీనాంగ్లము విభక్తిప్రత్యయములు గల భాష. నాడు 'పూర్ణము' అను అర్థము గల 'ఫుల్' శబ్దముతో షష్ఠీరూపమును, 'సదృశము' అను అర్థము గల శబ్దముతో చతుర్థీరూపమును వాడుచుండిరి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దులలో ఆ ప్రత్యయములు చాలవరకు నశించెను. వాని పనిని ప్రిపొజిషనులు చేపట్టినవి. 'ఫుల్' తరువాత నేడు వచ్చు 'ఆఫ్' ఆ ప్రాచీన షష్ఠికి వారసురాలు. 'లైక్' శబ్దమునకు మాత్రము వారసత్వము దక్కలేదు. అది నేటికిని నామముతో నేరుగనే కూడుచున్నది. 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్', 'సీనియర్', 'జూనియర్' అనునవి లాటిను నుండి తారతమ్యరూపములుగనే వచ్చి 'టు'ను గ్రహించినవి. కావున నేటి జాబితాలో వేర్వేరు కాలములకు చెందిన పొరలు కలసియున్నవి. వానినన్నింటిని ఒకే సూత్రమున బంధింప జూచుట వ్యర్థప్రయాసము.

మన దేశమున ఈ విషయము జాబితా రూపముననే ప్రచారము పొందెను. నెస్‌ఫీల్డు వ్యాకరణములును, వాని తరువాత రెన్, మార్టిన్ పండితుల ఉన్నతపాఠశాలా వ్యాకరణమును విశేషణములను వాని ప్రిపొజిషనులతో వరుసగా కూర్చి యిచ్చినవి. మఱియొక వంక, తెలుగు నేర్వదలచిన ఆంగ్లేయులకు ఇదే చిక్కు తలక్రిందులుగ ఎదురయ్యెను. ఏ.డి. క్యాంబెల్ (1816), సి.పి. బ్రౌన్ (1840) తమ వ్యాకరణములలో తెలుగు విభక్తులను ఆంగ్లమున వివరింపవలసి వచ్చెను. ద్రావిడభాషలలో సంబంధమును తెలుపు పదము నామమునకు ముందు గాక తరువాత నిలుచునని కాల్డ్వెల్ 1856లో ప్రకటించిన తులనాత్మక వ్యాకరణమున స్పష్టపఱచెను. స్థానభేదము నిజమే. కాని విద్యార్థిని తడబెట్టునది స్థానము కాదు, ఎన్నిక. 'ముందుంచుము' అనిన బాలుడు ముందుంచును. ఏది ఉంచవలెనన్నదే అతని సందేహము.

ఈ ఎన్నికకు మన శాస్త్రమున తగిన పేరున్నది. క్రియాసంబంధము వలన వచ్చునది కారకవిభక్తి. ప్రక్కనున్న పదము యొక్క యోగము వలన వచ్చునది ఉపపద విభక్తి. పాణిని 'నమః' మొదలగు వానితో చతుర్థిని, తుల్యార్థకములతో తృతీయాషష్ఠులను విధించెను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున అన్యార్థక శబ్దముల యోగమున 'కంటె' వర్ణకమును చెప్పెను. ఆంగ్ల విశేషణము తన ప్రిపొజిషనును కోరుటయు ఇట్టిదే. భాషాభేదమును బట్టి ఈ కోరిక మాఱును. కోపమునకు గుఱియైన వానికి పాణిని సంప్రదానసంజ్ఞ నిచ్చెను గనుక సంస్కృతమున చతుర్థి వచ్చును. తెలుగున 'మీద' వచ్చును. ఆంగ్లమున 'విత్' వచ్చును. మూడు భాషలలోను కోపమొకటే. విభక్తి మాత్రము వేఱు.

ఈ దృష్టితో చూచిన మన విద్యార్థుల తప్పులు అజ్ఞానజన్యములు గాక క్రమబద్ధములని తేలును. 'నాకంటె శ్రేష్ఠుడు' అనువాడు 'సుపీరియర్ దాన్' అనును. 'ఆమెతో వివాహమైనది' అనువాడు 'మ్యారీడ్ విత్' అనును. 'లెక్కలలో దిట్ట' అనువాడు 'గుడ్ ఇన్' అనును. తెలంగాణమున దీనికి మఱియొక బలము చేకూరినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వఱకు ఉర్దూ బోధనభాష. ఆంగ్లము నిర్బంధ పాఠ్యాంశము. ఉర్దూలోను కోపమునకు 'పర్', వివాహమునకు 'సే' వచ్చును. ఇంటిభాషయు బడిభాషయు ఒకే మాటను చెప్పునపుడు మూడవ భాష వేఱుగ చెప్పునని బాలునకు ఎట్లు తోచును? 'డిఫరెంట్' విషయమున ఆంగ్లేయులలోనే ఏకాభిప్రాయము లేదు. 'ఫ్రమ్' సర్వసమ్మతము; 'టు' బ్రిటనులోను, 'దాన్' అమెరికాలోను వినబడుచున్నవి. మన 'కంటె'కు సరిపోవు 'దాన్'ను వ్రాసిన విద్యార్థిని మూఢుడనుట న్యాయము కాదు.

ఇక బొగ్గుగనుల ప్రాంతము. సింగరేణి గ్రామసమీపమున 1871లో విలియం కింగ్ బొగ్గును కనుగొనెను. 1920లో కంపెనీ నేటి పేరు పొందెను. ఆ కంపెనీ గనుల చుట్టును పెరిగిన పట్టణమునకు 'ఖని' శబ్దముతోనే గోదావరిఖని యని పేరు వచ్చినది. ఇచ్చటి ఆంగ్లము పాఠ్యపుస్తకములోనిది కాదు, శాసనములోనిది. 1952 నాటి గనుల చట్టము తన సంగ్రహమును ఆంగ్లమునను, నిర్దేశింపబడిన ఇతర భాషలోను గనియొద్ద ప్రకటింపవలెనని విధించెను. కావున ఆంగ్ల విశేషణము యొక్క ప్రిపొజిషను తెలుగు విభక్తిగ మాఱవలసిన అవసరము ఇచ్చట చట్టబద్ధమయ్యెను.

ఒక్క ఉదాహరణము చాలును. 'రెస్పాన్సిబుల్ టు' అనగా ఎవరికి సమాధానము చెప్పవలెనో తెలుపును. 'రెస్పాన్సిబుల్ ఫర్' అనగా ఏ పనికి, లేక ఏ ఫలితమునకు పూచీ వహింపవలెనో తెలుపును. తెలుగున 'మేనేజరునకు బాధ్యుడు', 'తనిఖీకి బాధ్యుడు', 'ప్రమాదమునకు బాధ్యుడు' అని మూడింటను ఒకే 'కు' నిలుచుచున్నది. మొదటిది అధికారసంబంధము, రెండవది కర్తవ్యము, మూడవది నేరారోపణము. పనిలోనికి దిగకముందు గనిని పరీక్షించి నివేదిక వ్రాయు మైనింగు సర్దారునకు ఈ మూడును ఒకటి కావు. కప్పు కూలిన పిమ్మట విచారణలో అతడు దేనికి 'బాధ్యుడు' అను ప్రశ్న వచ్చినపుడు, ఆ చిన్న 'కు' వర్ణకముపై ఒక కుటుంబము యొక్క జీవనము ఆధారపడవచ్చును. ఇట్టి యెడ విభక్తి చూపలేని భేదమును పదముతో చూపవలెను. 'మేనేజరునకు జవాబుదారి', 'తనిఖీ అతని విధి', 'ప్రమాదమునకు కారకుడు' అనిన సందిగ్ధము తొలగును. ఉర్దూ పాలన మనకిచ్చిన 'జవాబుదారి' ఇచ్చట ఆంగ్లపు 'టు' చేయు పనిని చేయుచున్నది.

అన్ని చోట్లను ఇట్టి చిక్కులేదు. 'సేఫ్ ఫ్రమ్', 'సేఫ్ ఫర్' అనువానికి 'నుండి', 'కు' అనునవి చక్కగ సరిపోవును. కావున బోధనలో విశేషణములను మూడు వర్గములుగ విభజించుట మేలని మా అభిప్రాయము: తెలుగు విభక్తితో అర్థము చేతనే సరిపోవునవి, తెలుగు విభక్తి తప్పుదారి పట్టించునవి, తెలుగున ఒకే విభక్తి యుండగా ఆంగ్లమున రెండుగ చీలునవి. మొదటి వర్గమునకు కంఠస్థము అనవసరము. రెండవదానికి అభ్యాసము వలయును. మూడవదానికి ఆలోచన వలయును. అనువాదకుని నేర్పు పరీక్షింపబడునది అచ్చటనే.

1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థ స్థాపితమైన నాటి నుండి ఆంగ్లబోధనపై పరిశోధన విస్తరించినది. అయినను ఈ ప్రశ్నలో సగము తెలుగు శాఖలది. ఏ తెలుగు పదము ఏ విభక్తిని కోరునో సమగ్రముగ కూర్చిన ఉపపదకోశము లేనిదే ఆంగ్ల జాబితాతో పోలిక సాధ్యము కాదు. అందుకు సామగ్రి కావ్యములలోనే కాక గనిముఖమున అతికించిన ప్రకటనలలోను, నివేదికా పుస్తకములలోను లభింపగలదు. పరిశోధక విద్యార్థులు అచ్చటికిని పోవలెనని మా మనవి.