బ్యాటరీ రేడియో - ఫ్యూజు కాపలా

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. మేము పలికిన మాట కృష్ణా డెల్టా పల్లెలకు చేరుటకు క్షణమైనను పట్టదు. కాని దానిని వినిపింపవలసిన సెట్టుకు విద్యుత్తు కావలెను. కరెంటు స్తంభములు చేరని పల్లెలు ఆనాడు పెక్కు. అచ్చట రేడియోకు బ్యాటరీయే దిక్కు.

అందొక చిక్కు కలదు. సెట్టులోని వాల్వులకు 90 మొదలు 200 వోల్టుల వరకు కావలసియుండెడిది. ఆనాటి మోటారుకారు బ్యాటరీ ఇచ్చునది సాధారణముగా 6 వోల్టులే. పల్లపు బోదెలోని నీటిని మెరక చేనికి ఎక్కించుటకు రైతు యాతము వేయును గదా! బ్యాటరీ వోల్టేజిని ఎక్కించుటకు వచ్చిన యాతము పేరు వైబ్రేటరు.

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే దీనికి మూలము. ఒక తీగచుట్టలో ప్రవాహము మారుచున్నపుడే ప్రక్క చుట్టలో విద్యుత్తు పుట్టును. బ్యాటరీ ప్రవాహము తనంత తాను మారదు. కావున వైబ్రేటరులోని సన్నని ఉక్కురేకు సెకనుకు సుమారు 100 సార్లు అదరుచు, ప్రవాహమును తెంచి కలుపుచుండును. ట్రాన్స్‌ఫార్మరు దానిని పెద్ద వోల్టేజిగా మార్చును. 1930లలో అమెరికా కారు రేడియోలతో ఈ సాధనము వ్యాప్తిలోనికి వచ్చినది.

అయితే ఎత్తు పెరిగినకొలది శ్రమయు పెరుగును. 6 వోల్టులను 180 వోల్టులు చేసినచో, పైవైపు వాడిన ప్రతి మిల్లీఆంపియరుకు బ్యాటరీ నుండి 30 మిల్లీఆంపియర్లు పోవలెను, నష్టములు అదనము. పైవైపు కండెన్సరు చెడి షార్టయినచో, ఆ భారము ఇన్ని రెట్లయి బ్యాటరీపై పడును. అంతకు మించిన ముప్పు మరియొకటి కలదు. రేకు కొనల కాంటాక్టులు కాలి అతుకుకొన్నచో, ఇక తెంచువారు లేరు. ప్రవాహమునకు చుట్టలోని రాగితీగ తప్ప వేరు అడ్డు లేదు. ఆ అడ్డు అత్యల్పము. కొద్దిసేపటిలో ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవును.

ఇందుకే బ్యాటరీ తీగలో ఫ్యూజు నుంచిరి. 1890లో ఎడిసన్ పేటెంటు పొందిన ఈ సాధనము, హద్దు మీరిన ప్రవాహమునకు తాను కరగి తక్కినవానిని కాపాడును. అది ఉన్న చోటు గమనింపదగినది. కాలువ గట్టుకు గండి పడినపుడు మనము ముందుగా ఎగువ తలుపులు దింపుదుము. దిగువను ఎంత మూసినను నీరు ఆగదు. అట్లే కాపలా బ్యాటరీ ముంగిటనే ఉండవలెను.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. దానితో చేసిన రేడియోలు కొద్ది వోల్టులతోనే పాడసాగినవి; వైబ్రేటరు మూలబడినది. కాని యాతము పోలేదు, రూపు మారినది. నేడు మొబైలు ఫోనుకు ఛార్జి పెట్టు పవర్ బ్యాంకులో 3.7 వోల్టుల సెల్లును 5 వోల్టులకు ఎక్కించునది బూస్ట్ కన్వర్టరు. అందు ఒక తీగచుట్ట, ఒక ట్రాన్సిస్టరు స్విచ్చి, ఒక డయోడు ఉండును. చుట్టలో ప్రవాహము హద్దు చేరగానే చిప్పు స్విచ్చిని తెరచివేయును.

ఇంత నేర్పున్నను పాత గండము తొలగలేదు. అవుట్‌పుట్ షార్టయినచో, స్విచ్చి తెరచియున్నను, సెల్లు నుండి చుట్ట, డయోడుల మీదుగా ప్రవాహమునకు రాజబాట తెరచియే యుండును. ఆ బాటను తెంచుటకు వేరొక స్విచ్చియో ఫ్యూజో కావలెను. పల్లె సెట్టు నేర్పిన పాఠమే ఇది.

ఇది చిన్న సంగతి కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో 10,000 మందికి పైగా మరణించిరి. గాలివానలో స్తంభములు కూలి కరెంటు ఆగినపుడు, హెచ్చరిక వినిపింపగలది బ్యాటరీ సెట్టే. కావున ఫ్యూజు పోయినపుడు దాని స్థానమున లావు రాగితీగ చుట్టి సరిపెట్టరాదు. ముందు కారణము వెదకి, పిదప అదే కొలత ఫ్యూజు వేయవలెను. పోయిన ఫ్యూజు తన పని తాను చేసినదని మరువరాదు.