పెన్న నీరు, వీరాపురపు కొంగలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలలో పెద్ద చెఱువులు తమంత పుట్టినవి కావు, మనుష్యుని చేతిపని. బుక్కపట్టణము, ధర్మవరము చెఱువులకు నీరిచ్చునది చిత్రావతి. శాసనములలో హెన్నె యనబడు పెన్నానదిని పెనుకొండకు తేవలెనని ప్రతాప బుక్కరాయలు క్రీ. శ. 1388లో సింగయభట్టు అను జలసూత్రజ్ఞుని ఆజ్ఞాపించెను. ఆయన కాలువ త్రవ్వించి సిరువేర చెఱువునకు నీరు చేర్చెను. నీరే ప్రాణులకు జీవనమని ఆ శాసనము చెప్పుచున్నది. ఆ మాటలో మనుష్యుడొక్కడే లేడు.

ఇట్టి చెఱువులను నమ్ముకొనియే చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేట ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చుచున్నవి. సైబీరియా పక్షులని జనవాడుక. నిజమునకు ఇవి మనదేశపు కొంగలే. చలికాలము తుదిని వచ్చి, ఊరినడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలకు ఱెక్కలు వచ్చిన పిదప వెడలిపోవును. గ్రామస్థులు వీనిని కొట్టరు, కొట్టనీయరు. రెట్టలకును నీచువాసనకును ఓర్చి, కాన్పునకు పుట్టింటికి వచ్చిన కూతుండ్రవలె చూచుకొందురు.

అయినను చెట్టొక్కటి చాలదు. ఈ కొంగ కంటితో వెదకి చేపను పట్టునది కాదు. లోతులేని నీట ముక్కు కొంచెము తెఱచి ముంచి మెల్లగా నడచును. చేప తగిలినంతనే మూయును. కావున చెఱువెండినచో దానికి వేట లేదు. లోతైన బోరుబావి రైతు పైరును కొన్నాళ్ళు నిలుపగలదు గాని, కొంగపిల్లకు చేపను తెచ్చిపెట్టజాలదు. వానలు తప్పిన ఏట తల్లిపక్షులు దూరపు చెఱువులకు ఎగిరిపోవలసినదే. అంతదాక పిల్లలు చింతకొమ్మపై ఎండలో ఎదురుచూచుచుండును.