నీళ్ళలో ఫ్లోరైడు – దాన్ని కనిపెట్టిన చరిత్ర

ధర్మపురి అంటే అందరికీ ముందు హొగెనకల్ జలపాతం గుర్తొస్తుంది. కానీ అంత నీళ్ళు దూకే మన జిల్లాలోనే ఎన్నో ఊళ్ళవాళ్ళు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి బాధపడ్డారు. ఆ నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. రుచిలో, వాసనలో తేడా తెలియదు. మరి అందులో ఫ్లోరైడు ఉందని ఎవరు, ఎలా కనిపెట్టారు? ఆ చరిత్రే ఈ వ్యాసం.

మొదట అమెరికా సంగతి చెప్పాలి. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి వచ్చాడు. అక్కడ చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూశాడు. కారణం నీళ్ళే అయ్యుండొచ్చని ఆయనకి అనుమానం వచ్చింది. కానీ అప్పటి మామూలు పరీక్షల్లో ఏమీ దొరకలేదు. 30 ఏళ్ళ తర్వాత, 1931లో ఒక అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకా సూక్ష్మమైన పద్ధతిలో నీళ్ళు పరీక్షించి, ఫ్లోరైడు ఎక్కువగా ఉందని తేల్చాడు.

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది తెలుగు నేలమీదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన ధర్మపురి కూడా అదే ప్రెసిడెన్సీలో, సేలం జిల్లాలో ఉండేది. నెల్లూరు జిల్లా రైతులు 1930ల మొదట్లోనే తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారంట. తర్వాత మనుషుల్లోనూ అదే కనిపించింది. నడుము వంగదు, మెడ తిరగదు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు దీని మీద ఒక వైద్య పత్రికలో పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. డాక్టర్ల కంటే ముందు రైతులే ఏదో తేడా ఉందని పసిగట్టారు అన్నది నాకు ఇందులో బాగా నచ్చిన విషయం.

ఫ్లోరైడు ఏ ఫ్యాక్టరీ నుంచో రావాలని లేదు. మన నేల కింద ఉన్న గట్టి రాళ్ళలోని ఖనిజాల్లోనే అది ఉంటుంది. నీళ్ళు ఎంత ఎక్కువ కాలం ఆ రాళ్ళని అంటుకుని ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. చెరువు, బావి నీళ్ళతో కలరా లాంటి జబ్బులు వస్తాయని మన దేశంలో ఊరూరా బోర్లు వేశారు. క్రిముల బాధ తగ్గింది కానీ, చాలాచోట్ల లోతు నీళ్ళతోపాటు ఫ్లోరైడు పైకి వచ్చింది. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

పరీక్ష చేయడం పెద్ద కష్టం కాదు. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణాన్ని నీళ్ళలో వేస్తారు. ఫ్లోరైడు ఎక్కువ ఉంటే ఎరుపు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. మా సైన్స్ సార్ క్లాసులో ఒక సీసాలో బోరు నీళ్ళు, ఇంకో సీసాలో కావేరి నీళ్ళు పోసి చూపించారు. కావేరి నీళ్ళ సీసా గులాబీ రంగులోనే ఉంది. బోరు నీళ్ళ సీసా మా కళ్ళ ముందే పసుపు పచ్చగా మారింది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

మా అవ్వ పళ్ళ మీద కూడా గోధుమరంగు చారలు ఉన్నాయి. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చాలామందికి అలాగే ఉండేదంట. బయట ఊరివాళ్ళు "మీరు పళ్ళు తోముకోరా?" అని ఎగతాళి చేసేవాళ్ళంట. పెళ్ళిచూపులప్పుడు అవ్వ నోరు మూసుకునే కూర్చుందంట. నిజానికి అది తోమితే పోయే మరక కాదు. చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడిపోతుంది. తప్పు నీళ్ళది, నింద మనుషులది. నీళ్ళని పరీక్షించాకే ఆ నింద తొలగింది.

ఫ్లోరైడు తీసేయడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైన తేట తీసుకోవాలి. తెలంగాణలోని నల్గొండ పేరు మీద దీన్ని నల్గొండ పద్ధతి అంటారు. మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకి మాత్రం కావేరి నీళ్ళే దారి చూపించాయి. హొగెనకల్ తాగునీటి పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. జపాన్ సంస్థ జైకా అప్పు ఇచ్చింది. 2013 మే నెలలో పథకం ప్రారంభమైంది. పొదిలి వైపు జబ్బు సంగతి అచ్చయిన 1937 నుంచి లెక్కేస్తే మధ్యలో 76 ఏళ్ళు. కారణం తెలిసినంత త్వరగా మంచినీళ్ళు రాలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయినా పని అయిపోలేదు. కావేరి నీళ్ళు రాని రోజు మళ్ళీ బోరే దిక్కు. అందుకే నాదొక మాట. ఇంట్లో తాగే నీళ్ళు ఏ బోరువో, ఏ కుళాయివో అందరూ కనుక్కోండి. మీ ఊరి నీళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్షించారని పంచాయతీలో అడగండి. ఎనిమిదేళ్ళలోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళు తప్పకుండా అడగాలి, ఎందుకంటే వాళ్ళ పళ్ళు ఇప్పుడే తయారవుతున్నాయి.